పండక్కి ఇల్లు చేరేదాకా

అక్క: అందరికీ నమస్తే. బరంపురంలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. సంక్రాంతి దగ్గర పడింది, ఎవర్ని అడిగినా టికెట్ వెయిటింగ్ లిస్టే అంటున్నారు. అందుకే ఈసారి పండక్కి ఇంటికి బయలుదేరి నానా పాట్లూ పడే కామెడీ సినిమాలు. తమ్ముడూ, నువ్వే మొదలెట్టు.

తమ్ముడు: వీటన్నిటికీ పెద్దన్న 1987లో వచ్చిన ‘ప్లేన్స్, ట్రెయిన్స్ అండ్ ఆటోమొబైల్స్’ అక్కా. రాసింది, తీసింది జాన్ హ్యూస్. స్టీవ్ మార్టిన్ న్యూయార్క్‌లో పని చూసుకుని, థ్యాంక్స్‌గివింగ్ పండక్కి షికాగోలో పెళ్లాం పిల్లల దగ్గరికి వెళ్లాలి. మంచు వల్ల విమానం తీసుకెళ్లి విచిటా అనే వేరే ఊళ్లో దింపుతారు. అక్కణ్ణుంచి ఎక్కిన రైలు పొలాల మధ్య ఆగిపోతుంది. అద్దె కారు తగలబడుతుంది.

అక్క: పక్కన జాన్ క్యాండీ!

తమ్ముడు: ప్రాణమంతా ఆయనే. బాత్‌రూమ్ కర్టెన్లకు తగిలించే రింగులు అమ్ముకునే సేల్స్‌మన్. నోరు మూతపడదు. డబ్బులు అయిపోతే ఆ రింగుల్నే చెవులకు పెట్టుకునేవని చెప్పి బస్‌స్టాండులో అమ్ముతాడు. ఆ సీను ఎన్నిసార్లు చూశానో! తన దగ్గర ఉన్నదాంతోనే దారి వెతుక్కునే మనిషి.

అక్క: నాకైతే నవ్వంతా తేదీలోంచే పుడుతుందనిపిస్తుంది. మామూలు రోజు రైలు తప్పితే ఇంకోటి ఎక్కుతాం. పండగ మన కోసం ఆగదు కదా! ‘హోమ్ అలోన్’ అనగానే అందరికీ ఆ పిల్లాడు గుర్తొస్తాడు, నాకు వాళ్లమ్మ. 1990 సినిమా, అదీ హ్యూస్ రాసిందే. క్రిస్మస్ ప్రయాణంలో పిల్లాణ్ణి అమెరికాలో ఇంట్లోనే మరిచిపోయి, వెనక్కి వెళ్లడానికి పారిస్ విమానాశ్రయంలో ఒక్క సీటు కోసం చెవి కమ్మలు కూడా ఇచ్చేస్తానంటుంది. అమెరికాలో స్క్రాంటన్ అనే ఊరి దాకా వచ్చి ఇరుక్కుపోతే పోల్కా అనే డాన్సు పాటలు వాయించేవాళ్లు తమ వ్యానులో ఎక్కించుకుంటారు. వాళ్ల నాయకుడు మళ్లీ జాన్ క్యాండీయే.

తమ్ముడు: మన వైపు ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ ఉంది, 2013లో వచ్చింది. అది అన్న పెళ్లి ప్రయాణం, దాని దారి వేరు. నాకు దగ్గరైంది ‘సత్యమే శివం’. కమల్ హాసన్, మాధవన్. తమిళంలో 2003లో ‘అన్బే శివం’గా వచ్చింది. భువనేశ్వర్‌లో వానకు విమానం రద్దు, మాధవన్ తన పెళ్లికే చెన్నై చేరాలి. కథలో మన పక్కూరు ఇచ్ఛాపురం స్టేషన్ కూడా వస్తుంది.

అక్క: ఇచ్ఛాపురం అంటే గుర్తొచ్చింది. ఫైలిన్ తుపాను సంగతి చెప్పు.

తమ్ముడు: 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా దసరా రోజులు. నేను విశాఖ హాస్టల్లో ఉన్నాను. రైళ్లు రద్దు, మీ ఫోన్లు కలవవు. టెన్షన్‌తో మర్నాడు ఏదో బస్సెక్కి పలాస దాకా వచ్చాను. అక్కడ ఉల్లిపాయల లారీ ఆయన ఎక్కమన్నాడు. మాట సగం ఒడియా, సగం తెలుగు. కంచిలి దగ్గర రోడ్డుకడ్డంగా చెట్టు. క్యాబిన్‌లోంచి కత్తి తీసి ఆయన కొమ్మలు నరుకుతుంటే నేను పక్కకి లాగాను. అరచేతులు బొబ్బలెక్కాయి. అటుకులు, బెల్లం పొట్లం విప్పి పెద్ద భాగం నాకు పెట్టాడు.

అక్క: ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. కరెంటు లేదు.

తమ్ముడు: వీధి మొదట్లో దింపాడు. నేను దూకి, వెనక్కి చూడకుండా పరిగెత్తాను. అందుకే ఆ ఇంగ్లిష్ సినిమా చివర చూడలేను. స్టీవ్ మార్టిన్ ఇంటికెళ్లే రైల్లో కూర్చుంటాడు. దారిలో పడ్డవన్నీ తలుచుకుని నవ్వుకుంటాడు. నవ్వుతూ నవ్వుతూ ఆలోచనలో పడతాడు. వెనక్కి స్టేషన్‌కి వెళ్తే క్యాండీ ఒక్కడే కూర్చుని ఉంటాడు. భార్య పోయి ఎనిమిదేళ్లయింది, వెళ్లడానికి ఇల్లే లేదు. ఆయన ట్రంకు పెట్టె ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మోసుకెళ్తారు చూడు...

అక్క: అమ్మ దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నీ మొహం తడిమి చూసింది. ఆ వెంటనే అడిగింది, “నిన్ను తీసుకొచ్చినాయన ఏడిరా? అన్నం వండే ఉంది.”

తమ్ముడు: మళ్లీ వీధి చివరికి పరిగెత్తాను అక్కా. లారీ వెళ్లిపోయింది. ఆయనది ఏ ఊరో కూడా అడగలేదు.