అతిథి అన్న పేరు వెనుక

నమస్కారం. యుద్ధం నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవారిని ఒక దేశం ఏ పేరుతో పిలుస్తుందో గమనిస్తే, వారికి ఏయే హక్కులు ఇవ్వదలచుకోలేదో చాలావరకు బోధపడుతుంది. ఈ విషయంలో తుర్కియే (టర్కీ) అనుభవం చూడదగినది.

2011 ఏప్రిల్‌లో సిరియా కుటుంబాలు సరిహద్దు దాటి తుర్కియేలోని హతాయ్ ప్రాంతానికి చేరినప్పుడు రాజధాని అంకారాలోని ప్రభుత్వం గుడారాలు వేసింది, భోజనం పెట్టింది, అయితే వారిని శరణార్థులు అనకుండా అతిథులు అన్నది. అతిథి అన్న మాటలో మర్యాద ఉంది, కాని అతిథి ఎన్నాళ్లుండాలో నిర్ణయించేది ఇంటివారే. 1951 నాటి శరణార్థుల ఒప్పందాన్ని తుర్కియే ఆమోదించినా, ఐరోపాలోని పరిణామాల వల్ల వచ్చినవారికే ఆ హోదా దక్కుతుందన్న పరిమితిని నేటికీ వదులుకోలేదు. (ఆ ఒప్పందంలో అసలు చేరనే చేరని మన దేశం నుంచి ఈ మాట అంటున్నానన్న స్పృహ నాకుంది.)

సిరియా అధ్యక్షుడు అసద్ ప్రభుత్వం త్వరలోనే కూలుతుందన్న అంచనా తప్పాక, 2014 అక్టోబరులో తాత్కాలిక రక్షణ నిబంధనలు వచ్చాయి. వైద్యం, చదువు దక్కాయి. పని అనుమతికి మాత్రం 2016 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. అదీ యజమాని దరఖాస్తు చేస్తేనే, సాధారణంగా స్థానిక సిబ్బందిలో 10 శాతానికి మించకుండా. అందుకే లక్షలాది మంది కుట్టుపని కార్ఖానాల్లో, పొలాల్లో, నిర్మాణ పనుల్లో ఏ కాగితమూ లేని కూలీలుగానే మిగిలిపోయారు.

అదే సంవత్సరం మార్చిలో ఐరోపా సమాఖ్య తుర్కియేతో అవగాహన కుదుర్చుకుని, గ్రీసు దీవులకు అక్రమంగా చేరేవారిని వెనక్కి తీసుకునేందుకు అంగీకారం పొందింది; తుర్కియేలోని శరణార్థుల కోసం మొత్తం 600 కోట్ల యూరోలు ఇస్తామన్నది. దీన్ని నేను సాయం అని మాత్రమే అనలేను, ఎందుకంటే 2020లో అంకారా శరణార్థులకు గ్రీసు సరిహద్దు వైపు దారి వదిలినప్పుడు ఆ మనుషులు బేరసారాల్లో పావులేనని తేలిపోయింది. 2015లో సిరియా ప్రజలు ఐరోపాకు తరలివచ్చినప్పుడు అక్కరకు రాని ఐరోపా తాత్కాలిక రక్షణ చట్టం మాత్రం, 2001 నుంచి బీరువాలో ఉన్నది కాస్తా, 2022 మార్చి 4న ఉక్రెయిన్ ప్రజల కోసం యుద్ధం మొదలైన పది రోజుల్లోపే అమలులోకి వచ్చి, నివాసంతో పాటు పనిచేసే హక్కునూ ఇచ్చింది.

2024 డిసెంబరులో అసద్ పతనమయ్యాక, ఇంటి పరిస్థితి చూసి రావడానికి సిరియా కుటుంబంలో ఒకరు 2025 తొలి ఆరు నెలల్లో మూడుసార్లు వెళ్లి రావచ్చని తుర్కియే అనుమతించింది. శాశ్వతంగా తిరిగి వెళ్లేవారు మాత్రం తమ తాత్కాలిక రక్షణ కార్డును సరిహద్దులోనే అప్పగించాలి.