వాలుగ మళ్ళీ వస్తుందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు వాలుగ చేప గురించి. మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన అధికారి మనతో ఉన్నారు. మొదటి ఫోన్ కొవ్వూరు నుంచి.

కాలర్: నమస్కారమండి. మాది గోదారొడ్డు. మా నాన్న వాలుగ పడితే భుజాన వేసుకొచ్చేవాడండి, తోక పిక్కలకి తగిలేది. ఆ రోజు మా వీధంతా పులుసే. మా అమ్మ కుండలో...

వ్యాఖ్యాత: ప్రశ్న అడగండి.

కాలర్: అదేనండి. ఇప్పుడు వారమంతా వల వేస్తే మూరెడు పిల్ల ఒకటి. ఉన్నాయా, పోయాయా?

నిపుణుడు: ఉన్నాయి, బాగా తగ్గాయి. 2019లో ఐయూసీఎన్, అంటే జీవజాతుల స్థితిని అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ, వాలుగను 'వల్నరబుల్' అంది, అంటే అంతరించిపోయే ముప్పున్నదని. నదిలో తలలు లెక్కపెట్టలేం కదా, పట్టుబడి ఎంత పడిపోయిందన్నదే ముఖ్యంగా చూస్తారు. వానలకి నీళ్ళు పొంగి గడ్డి మునిగిన చోటికొచ్చి గుడ్లు పెడుతుంది. మనం సరిగ్గా అక్కడే కాపు కాస్తాం. గుడ్డుతో ఉన్న చేప జోలికి పోవద్దండీ.

కాలర్: వేట నిషేధం ఉంది కదండీ?

నిపుణుడు: మీరనే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం సముద్రానికి. వాలుగ గుడ్డు పెట్టేది వానలొచ్చాక.

కాలర్: అయితే మళ్ళీ వస్తాయంటారా? మా మనవడికి వాలుగంటే ఏంటో తెలీదండి. మీసాలుంటాయా అనడిగాడు...

నిపుణుడు: (నవ్వు) రెండు జతలుంటాయని చెప్పండి. ఒక్క ఆడచేప వేలకు వేలు గుడ్లు పెడుతుంది, బతకనిస్తే వస్తాయి. సన్నకన్ను వలలు మానాలి. గట్లు పోసి నది పక్క మడుగుల్ని మూసేస్తే అది గుడ్డు ఎక్కడ పెడుతుంది? మళ్ళీ చెప్తున్నా, గుడ్డుతో ఉన్న చేపను పట్టొద్దు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కైకలూరు.

కాలర్: సార్, నా చెరువులో నాలుగు వాలుగలు వదలొచ్చా?

నిపుణుడు: బొచ్చె, శీలావతి పిల్లలున్న చెరువులోనా? దాని నోరు కంటి వెనక దాకా చీలి ఉంటుంది బాబూ. నీ పిల్లలు మిగలవు.

కాలర్: ఒక్కటే వేస్తే...

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. ఖమ్మం నుంచి, చెప్పమ్మా.

కాలర్: సార్, సంతలో వాలుగని ఇచ్చారు. నిజమేనా అని డౌటు.

నిపుణుడు: వీపు మీద రెక్క చూడమ్మా. తల వెనక నుంచి తోక దాకా ఉంటే వాలుగ కాదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కి అలా ఉంటుంది, దాని పెంపకం మన దేశంలో నిషేధం. వాలుగకి పైరెక్క చిన్నది, కిందిరెక్కే పొడుగు.

కాలర్: పైది చిన్నదే సార్. కడుపు నిండా జన ఉందని యాభై ఎక్కువిచ్చి మరీ తెచ్చిన.

నిపుణుడు: అదేనమ్మా, నేను ఇందాకట్నుంచీ...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ధన్యవాదాలు సార్.