ముందు తోడు, తర్వాత చేపలు

(కొత్తగా అక్వేరియం పెట్టుకునేవాళ్ళ కోసం విజయవాడలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్ళాల్సినవాళ్ళు చేపల గురించి వినడానికి వచ్చారు, సంతోషం.

నా మొదటి ట్యాంకు కథతో మొదలుపెడతాను. అద్దాల పెట్టె, గులకరాళ్ళు, ఫిల్టరు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు అన్నీ ఒకే ఆటోలో ఇంటికి తెచ్చాను. "నీళ్ళు పోసి వదిలెయ్యండి సార్, ఏం కాదు" అన్నాడు కొట్టు అబ్బాయి. ఆరో రోజు పొద్దున ఒకటి పక్కకి ఒరిగిపోయింది. దిష్టి తగిలిందంది మా అమ్మ. నేను టెన్షన్ పడిపోయి నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళూ స్పాంజీ కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగాను. వారం తిరక్కుండానే మిగతా మూడూ పోయాయి. కాస్తో కూస్తో పుడుతున్న రక్షణని నా చేత్తో నేనే కడిగేశానని చాలా రోజులకి గానీ తెలియలేదు.

ఆ రక్షణ ఏమిటో చెప్తాను. చేప తన ఒంట్లోని వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల నుంచే అమ్మోనియాగా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా వచ్చేది అమ్మోనియానే. బారేజీ వెనకాల ఉన్న అంత కృష్ణలో అది ఎక్కడికక్కడ పలచబడిపోతుంది. మన రెండడుగుల ట్యాంకులో ఉండేది 50 లీటర్లు. చేప తన విషంలో తనే ఈదుతుంటుంది. పైగా నీళ్ళు చూడడానికి స్వచ్ఛంగానే ఉంటాయి.

ఈ అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఉంది. అది దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైటూ విషమే, అది చేప రక్తాన్ని ప్రాణవాయువు మోయనివ్వదు. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ చాలా వరకు నయం, వారానికోసారి కొంత నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఇలాంటి బ్యాక్టీరియాని 1890లోనే రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపించాడు. రెండో పని చేసేది నైట్రోబ్యాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు. మంచినీటి అక్వేరియాల్లో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరాదని 1998లో హోవానెక్ బృందం చూపించింది.

ఇదంతా కైకలూరు, భీమవరం వైపు చేపల రైతుకి, రొయ్యల రైతుకి కొత్త కాదు. చెరువు నీళ్ళు సీసాలో పట్టుకుని అమ్మోనియా ఎంత, నైట్రైట్ ఎంత అని ల్యాబులో చూపించుకోకుండా వాళ్ళకి నిద్ర పట్టదు. వాళ్ళ పక్కనే ఉండి మనం చుక్కల టెస్ట్ కిట్ కొనడానికి వెనకాడుతున్నాం, రంగురంగుల ప్లాస్టిక్ కోటకి మాత్రం డబ్బులు పెడుతున్నాం!

ఈ బ్యాక్టీరియా నీళ్ళలో కంటే స్పాంజి మీద, రాళ్ళ మీద ఎక్కువగా అంటుకుని బతుకుతుంది. పెరుగు తోడుకోవడం లాంటిదే, కాకపోతే రాత్రికి రాత్రి కాదు. మెల్లగా పెరిగే జాతి కాబట్టి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ట్యాంకులో చేప ఉండకూడదు, మేత మాత్రం ఉండాలి.

ఆ మేతే అమ్మోనియా. రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్ళనివ్వొచ్చు. పచ్చి రొయ్య వేసేవాళ్ళూ ఉన్నారు. నేనూ వేశాను, మూడో రోజుకి ఇంట్లోవాళ్ళు నన్నూ ట్యాంకునీ కలిపి బయట పెడతామన్నారు. నా ఓటు నవసారానికి, అంటే అమ్మోనియం క్లోరైడ్‌కి. ల్యాబుకి వాడే శుద్ధమైనదే తీసుకోండి. 50 లీటర్లకి 0.3 గ్రాము వేస్తే లీటరుకి 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వస్తుంది. నల్లబెల్లంతో కలిపి మాత్రం కొనకండి, సారా కాస్తున్నారనుకుంటారు.

ముందు అమ్మోనియా కనిపిస్తుంది. కొన్నాళ్ళకి అది తగ్గుతూ నైట్రైట్ ఎగబాకుతుంది. ఓపిక పోయేది ఇక్కడే. నైట్రైట్ రోజుల తరబడి దిగదు. అమ్మోనియా సున్నాకి వచ్చింది కదా అని చేపలు తెచ్చేస్తారు, అవి నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మళ్ళీ ఆ 0.3 గ్రాము వేసి 24 గంటల తర్వాత చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అప్పుడు సగానికి పైగా నీళ్ళు మార్చి కొద్ది చేపలతో మొదలుపెట్టండి.

ఇక మన నీళ్ళ సంగతి. కార్పొరేషన్ కుళాయి నీళ్ళలో క్లోరిన్ వేస్తారు. క్లోరిన్ పని బ్యాక్టీరియాని చంపడమే, మనదీ వాళ్ళదీ అని చూడదు. యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే ట్యాంకులో పోయండి. బకెట్‌కి తెల్లచారలు కట్టే బోరు నీళ్ళయితే పీహెచ్ చూసుకోండి. అది 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో అసలు విషమైన భాగం దాదాపు 10 రెట్లవుతుంది. చేపలకి మంచిదని 20 లీటర్ల ఆర్వో క్యాన్లు పోసేవాళ్ళున్నారు. ఈ బ్యాక్టీరియా పనిచేస్తూ నీటిలోని క్షారాన్ని ఖర్చు చేస్తుంది. ఆర్వో నీళ్ళలో అది ఉండేదే కొంచెం, అయిపోగానే పీహెచ్ పడిపోతుంది, 6 దగ్గరికి వచ్చేసరికి పని దాదాపు ఆగిపోతుంది. "రెండు నెలలైనా కావట్లేదండీ" అని ఎవరైనా అంటే నేను మొదట క్యాన్ల గురించే అడుగుతాను.

బెజవాడ ఎండల్లో హీటరు అక్కర్లేదు. అయితే నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, బ్యాక్టీరియాకీ అది కావాలి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఉంచుకోండి.

ఇవన్నీ ఉన్నా ఒట్టి పాలు తోడుకోవడానికి టైం పడుతుంది కదా. అందుకే మా ఇంట్లో నాలుగేళ్ళుగా నడుస్తున్న, ఏ జబ్బూ లేని ట్యాంకులో స్పాంజి కోసుకొచ్చాను. అదిగో, ఆ డబ్బాలో ట్యాంకు నీళ్ళతోనే ఉంది. వెళ్ళేటప్పుడు తలా ఒక ముక్క తీసుకోండి. దారిలో ఆరనివ్వొద్దు, మూత బిగించి ఎండలో పెట్టొద్దు. ఇంటికి వెళ్ళగానే మీ ఫిల్టరులో పెట్టి, ఆ రాత్రే మేత మొదలుపెట్టండి. మురికిగా ఉందని మాత్రం కుళాయి కింద పెట్టకండి, అమ్మా.