ఇంట్ల మాట బంద్ పెట్టకుండ్రి

అందరికి నమస్తే. పేరెంట్స్ మీటింగ్ అంటే మార్కుల ముచ్చటే అనుకొని వచ్చి ఉంటరు, అది సార్లు చెప్తరు గని నేను మాత్రం పిల్లలకు మాట ఎట్ల వస్తదో చెప్త. ఎందుకంటే మన నారాయణపేటల ఈ మధ్య చానమంది, బిడ్డకు ఇంగ్లిష్ జల్ది రావాలె అని ఇంట్ల సొంత భాషనే బంద్ పెడుతున్నరు, ఇంట్ల కన్నడ మాట్లాడేటోళ్లు గూడ, తండాలల్ల లంబాడోళ్లు గూడ.

1984ల కెనడాల జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అని ఇద్దరు సైంటిస్టులు ఏం చేసిండ్రంటే, ఇంగ్లిష్ మాట్లాడే ఇండ్లల్ల పుట్టిన పిల్లలకు హిందీల ఉండే ‘ట’, ‘త’ వినిపించిండ్రు. పిల్లను అమ్మ ఒళ్లె కూసోబెట్టి, ఒకటే శబ్దం మళ్ల మళ్ల వినిపిస్తరు, మధ్యల శబ్దం మార్చినప్పుడు పిల్ల తల తిప్పిందంటే పక్కన డబ్బాల లైట్ వెలిగి బొమ్మ ఆడుతది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చానమంది ఈ తేడా పట్టేసిండ్రు, వాళ్ల అమ్మనాయినలకేమో రెండు ఒక్కతీరే వినపడుతయి! అదే పది పన్నెండు నెలలు వచ్చేసరికి పిల్లలకు గూడ ఆ తేడా దాదాపు పోయింది. అంటే నోట్లెకెళ్లి ఒక్క మాట రాకముందే మెదడు ఇంట్ల వినపడే శబ్దాలకు సెట్ అయిపోతున్నది.

ఇంగొకటి, మనం మాట్లాడేటప్పుడు మాటకు మాటకు నడుమ గ్యాప్ ఇయ్యం గదా, మరి ఎక్కడ విడగొట్టాలెనో పిల్లకు ఎవరు చెప్తరు? ఎవరు చెప్పరు. ఏ శబ్దం వెనక ఏది ఎక్కువసార్లు వస్తున్నదో అదే లెక్క పెట్టుకుంటది. 1996ల అమెరికాల ఎనిమిది నెలల పిల్లలకు అర్థం లేని శబ్దాలు రెండే నిమిషాలు ఆపకుండ వినిపిస్తే గంతల్నే పట్టేసిండ్రు.

అట్లయితే ఫోన్ల రైమ్స్ పెడితే సరిపోదా అంటరు. సరిపోదు. ప్యాట్రిషియా కూల్ అనే ఆమె 2003ల అమెరికా పిల్లలకు, తొమ్మిది నెలలోళ్లకు, చైనా భాష వినిపించింది, మనిషి ఎదురుంగ కూసొని బొమ్మలతోని ఆడుకుంట మాట్లాడితే ఆ శబ్దాలు పట్టిండ్రు, అవే మాటలు టీవీల చూపిస్తే ఏం రాలె. పిల్ల మన మొకం చూస్తది, మనం ఏడ చూస్తున్నమో చూస్తది, స్క్రీన్ దాని దిక్కు చూడదు గదా.

రెండు మూడు భాషలైతే మెదడు కన్ఫ్యూజ్ అయితదనేది ఉత్త భయం. మన బజార్ల బట్టల దుకాణం ముంగట జరసేపు నిలవడుండ్రి, ఒక్క సేటే రాయచూరోళ్లతోని కన్నడ, పక్కోనితోని ఉర్దూ, మక్తలోళ్లతోని తెలుగు మాట్లాడుతడు, ఏమన్న అయితున్నదా ఆయనకు? పైంగ హైదరాబాద్ నిమ్స్‌ల సువర్ణ అల్లాడి మేడమ్ టీమ్ 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013ల రాసిండ్రు, రెండు భాషలు వచ్చినోళ్లకు ఆ మతిమరుపు రోగం నాలుగున్నర ఏండ్లు లేట్‌గ మొదలైందట, బడికి పోనోళ్లల్ల గూడ. రోగమే రాదని కాదు, లేట్‌గ వచ్చిందని, అంతే.

ఇగ రెండేండ్లు దాటినా మాట సరిగ రాని పిల్లలుంటే, ఇంట్ల రెండు భాషలున్నయి అందుకే అని సర్దుకొని ఊకోకుండ్రి, ముందుగాల చెవుల టెస్ట్ చేయించుండ్రి, వినపడకపోతే మాట ఎట్ల వస్తది చెప్పుండ్రి.