కరిగిన ఉప్పు తిరిగొస్తుందా?

[తెర మీద: పేరుకున్న కొబ్బరినూనె సీసా]

పిల్లలూ, జనవరి పొద్దున అనంతపురంలో కొబ్బరినూనె సీసా బోర్లించినా చుక్క రాలదు. వేడి సుమారు 24 డిగ్రీల కంటే తగ్గితే నూనె పేరుకుంటుంది. ఎండలో పెడితే కరుగుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. ఇలా వెనక్కి వచ్చేది ద్విగత మార్పు. వేయించిన శనక్కాయ మాత్రం చల్లారినా పచ్చిది కాదు.

[తెర మీద: మిద్దె మీద స్టీలు పళ్లెం]

ఇది కర్నూలు ఎండ. మనకు ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు! గ్లాసు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలపండి. గింజ కూడా కనపడదు. నాలుక మీద చుక్క వేసుకుంటే తెలుస్తుంది, ఉప్పు ఎక్కడికీ పోలేదు. ఆ నీళ్లు పళ్లెంలో పల్చగా పోసి, పైన గుడ్డ కప్పి ఎండలో వదిలేయండి. ముందు అంచు వెంబడి తెల్లటి గీత పడుతుంది. తర్వాత మధ్యలో చిన్న చిన్న పలుకులు తేలతాయి. భూతద్దం పెట్టి వాటి మూలలు చూడండి, చాలావరకు చదరంగా ఉంటాయి.

ఒక్క మాట. భౌతిక మార్పు వెనక్కి వస్తుంది, రసాయన మార్పు రాదు అని దయచేసి బట్టీ పట్టొద్దు. కాగితం చింపడం భౌతిక మార్పే, కానీ అతికించినా పాత కాగితం కాదు. మరి రసాయన మార్పు వెనక్కి వస్తుందా? బెలుం పోదాం పదండి.

[తెర మీద: గుహ కప్పు, రాతి కొన మీద నీటి బొట్టు]

ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరున్న ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. అంతా సున్నపురాయే. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. లోపలికి ఇంకుతూ రాయిని కరిగించుకుంటుంది. ఇది రసాయన మార్పు. ఆ నీరు కప్పు నుంచి బొట్టుగా వేలాడేటప్పుడు వాయువు తప్పించుకుంటుంది, కరిగిన రాయి మళ్లీ రాయై అక్కడే అంటుకుంటుంది. ఈ కొనలు వేల ఏళ్లుగా అలా పెరిగినవే. పోయినప్పుడు చేత్తో తాకకండి.

[తెర మీద: బోరు నీళ్లు కాచే గిన్నె అడుగు]

ఇంట్లో ఈ తెల్లటి పొర చూసే ఉంటారు. కాగేటప్పుడు వాయువు పోయి, నీళ్లలోని సున్నం ఇలా అడుగున దిగింది. గిన్నె పూర్తిగా చల్లారాక దాని మీద నిమ్మకాయ పిండండి. సన్నటి బుడగలు లేస్తూ పొర కరగడం మొదలవుతుంది. ఆ బుడగల్లో ఉన్నది ఏ వాయువో మీరే చెప్పండి.