పర్యాయపదాల ఫైలు చేసే పని, చేయని పని

సభకు నమస్కారం.

మీ డేటాబేస్‌లో కొన్ని వేల ఆరోగ్య వ్యాసాలు ఉన్నాయనుకోండి. ఒకరు ‘ఆసుపత్రి’ అని రాశారు, ఇంకొకరు ‘ఆస్పత్రి’, మరొకరు ‘వైద్యశాల’, నాలుగో ఆయన ‘హాస్పిటల్’. వెతికే మనిషికి ఇవన్నీ ఒకటే. డేటాబేస్‌కు మాత్రం నాలుగు వేరువేరు అక్షరాల వరసలు. ‘ఆసుపత్రి’ అని కొడితే తక్కిన మూడూ రావు. ఈ సంగతి బయటపడగానే బృందంలో ఎవరో ఒకరు “పర్యాయపదాల నిఘంటువు పెట్టేద్దాం, అరగంట పని” అంటారు. ఒకప్పుడు ఆ మాట అన్నది నేనే. ఫైలు రాయడం నిజంగా అరగంట పనే: ఒక్కో పంక్తిలో ఎడమ పక్కన వచ్చే మాట, కుడి పక్కన దాని బదులు పెట్టాల్సిన మాట, అంతే. ఆ అరగంట తర్వాత ఏం జరుగుతుందో చెబుదామని ఇక్కడికి వచ్చాను.

ఉదాహరణలు చాలావరకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ నుంచే ఇస్తాను, నా చేతికి అలవాటైంది అదే. 2008లో వచ్చిన 8.3 వెర్షన్‌తో ఫుల్ టెక్స్ట్ సెర్చ్, అంటే వ్యాసాల్లోని మాటలను వెతికే సదుపాయం, అందులో భాగమైంది. అంతకు ముందు ఒలెగ్ బార్తునోవ్, తియొదర్ సిగాయెవ్ రాసిన టీసెర్చ్2 అనే విడి మాడ్యూల్‌ను తెచ్చి తగిలించుకోవాల్సి వచ్చేది.

పని జరిగే తీరు ఇది. పార్సర్ అనే భాగం వాక్యాన్ని టోకెన్లుగా, అంటే విడి మాటలుగా, విడగొడుతుంది. ఒక్కో టోకెన్ నిఘంటువుల వరస ముందుకు వెళ్తుంది. నిఘంటువు అంటే ఇక్కడ మాటను తీసుకుని దాని బదులు దాచాల్సిన రూపం చెప్పేది. మొదటి నిఘంటువు ‘తెలుసు’ అంటే అది ఇచ్చిన రూపమే ఇండెక్స్‌లోకి, అంటే వెతకడానికి కట్టుకునే మాటల సూచికలోకి, చేరుతుంది, కథ అక్కడితో ముగుస్తుంది. ‘తెలియదు’ అంటేనే రెండోదాని వంతు. అందుకే తక్కువ మాటలు తెలిసిన నిఘంటువు ముందు, అన్నిటికీ తలూపే నిఘంటువు చివర ఉండాలి. పర్యాయపదాల ఫైలును స్టెమ్మర్ (మాట చివర కత్తిరించి మూలరూపం ఇచ్చే నిఘంటువు) వెనక పెట్టారా, దాని దాకా ఏ మాటా రాదు. వచ్చిన ప్రతి మాటకూ స్టెమ్మర్ ఏదో ఒక జవాబు చెప్పేసి ఉంటుంది కదా. (అక్షరాల మీది యాక్సెంటు గుర్తులు తీసేసే అన్‌యాక్సెంట్ లాంటి వడపోత నిఘంటువులు మాత్రం మాటను కాస్త సవరించి ముందుకు పంపుతాయి. వాటి దారి వేరు.)

‘కథ అక్కడితో ముగుస్తుంది’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. పోస్ట్‌గ్రెస్‌తో పాటు ఒక నమూనా ఫైలు వస్తుంది. అందులో ఒక పంక్తిలో ఎడమ పక్కన గూగుల్ పేరుకు ఒక తప్పు స్పెల్లింగు ఉంటుంది. కుడి పక్కన సరైన స్పెల్లింగు ఉండాలి కదా? ఉండదు. ఇంగ్లిషు స్పెల్లింగులోని చివరి ‘ఈ’ అక్షరం ఎగిరిపోయిన రూపం ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. కాదు. ఇంగ్లిషు స్టెమ్మర్ ఆ పేరును అలాగే కత్తిరిస్తుంది. వ్యాసంలో సరిగ్గా రాసిన పేరు కూడా ఇండెక్స్‌లో ఆ మొండి రూపంలోనే ఉంటుంది. పర్యాయపదాల నిఘంటువు ఇచ్చిన జవాబు మళ్లీ స్టెమ్మర్ దగ్గరకు వెళ్లదు కాబట్టి, కుడి పక్కన మనమే కత్తిరించి రాయాలి. ఈ సంగతి తెలియక చక్కటి స్పెల్లింగుతో రాసిన ఫైళ్లు ఎన్నో ఏమీ దొరకని క్వెరీలను (వెతుకులాటలను) పుట్టిస్తుంటాయి. ఎర్రర్ రాదు, హెచ్చరికా ఉండదు.

గొలుసు కూడా సాగదు. ‘హాస్పిటల్’కు ‘ఆస్పత్రి’ అని ఒక పంక్తి, ‘ఆస్పత్రి’కి ‘ఆసుపత్రి’ అని ఇంకో పంక్తి రాస్తే, హాస్పిటల్ ఆస్పత్రి దగ్గరే ఆగిపోతుంది.

తెలుగుకు ఇంకో చిక్కుంది. తమిళానికి, హిందీకి పోస్ట్‌గ్రెస్‌తోనే స్టెమ్మర్లు వస్తాయి, తెలుగుకు రాదు. డాక్టరు, డాక్టరుకు, డాక్టరుతో, డాక్టరును... విభక్తి మారినప్పుడల్లా కొత్త పంక్తి రాస్తూ పోవాలి. దీనికి నక్షత్రం గుర్తు (*) కొంత సాయం చేస్తుంది. ఎడమ పక్కన ‘డాక్టరు’, కుడి పక్కన ‘వైద్యు’ అని రాసి చివర నక్షత్రం పెట్టండి. క్వెరీలో డాక్టరు అని వస్తే ‘వైద్యు’తో మొదలయ్యే మాటలన్నీ పట్టుకుంటుంది: వైద్యుడు, వైద్యులు, వైద్యునికి. చూడముచ్చటగా ఉంది కదా. ఇప్పుడు తిరగేసి వెతకండి. వ్యాసంలోని ‘డాక్టరు’ ఇండెక్స్‌లోకి ‘వైద్యు’గా వెళ్లింది, ఎందుకంటే ఇండెక్స్ చేసేటప్పుడు నక్షత్రానికి విలువ లేదు. వెతికే మనిషి ‘వైద్యుడు’ అని కొడితే ఆ మాట ఫైలులో లేదు కాబట్టి ఉన్నదున్నట్టు వెళ్లి ‘వైద్యుడు’నే వెతుకుతుంది. డాక్టరు వ్యాసం దొరకదు. దారి ఒక వైపే తెరిచి ఉంది. ‘వైద్యుడు’కు కూడా అదే కుడి పక్కతో ఇంకో పంక్తి రాస్తేనే రెండో వైపు తెరుచుకుంటుంది.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. ఈ ఫైలుకు పర్యాయపదాల నిఘంటువు అని పేరు పెట్టారు గానీ, ఇది చేసేది పర్యాయపదాల పని కాదు. అమరకోశం ఒక వస్తువుకున్న పేర్లన్నిటినీ ఒక చోట కూర్చోబెడుతుంది, ఏ పేరునూ కొట్టేయదు. ఈ ఫైలు ఒక మాటను తీసేసి ఇంకో మాటను పెడుతుంది. ఇండెక్స్‌లో పాత మాట జాడ ఉండదు. స్పెల్లింగు తేడాలకు, పొడి అక్షరాల పేర్లకు ఇది దివ్యంగా పనికొస్తుంది. ఆస్పత్రి, ఆసుపత్రి ఒకటైపోతే ఎవరికీ నష్టం లేదు. ‘తార’ను ‘నక్షత్రం’గా మార్చి చూడండి. ఖగోళ వ్యాసాల కోసం వెతికిన విద్యార్థికి సినిమా తారల కబుర్లు వస్తాయి. ఇక ‘తార’ను మాత్రమే వెతకాలన్నా దారి ఉండదు. అమరకోశం మూడో కాండలో నానార్థవర్గం అని ఒకటుంది, ఒకే మాటకు పలు అర్థాలు చెప్పేందుకు. మన ఫైలులో అలాంటి గది లేదు.

అందుకని నిజమైన పర్యాయపదాలను నేను క్వెరీ వైపు పెడతాను. పోస్ట్‌గ్రెస్‌లో టీఎస్ రీరైట్ అనే ఫంక్షన్ ఉంది. ఒక మామూలు టేబుల్‌లో ఒక నిలువు వరసలో వెతికే మాట, పక్క వరసలో దాని బదులు నడపాల్సిన క్వెరీ రాసుకుంటాం. ‘నక్షత్రం’ అని వస్తే ‘నక్షత్రం, లేదా సినిమా అన్న మాట లేని చోట తార’ అని రాయొచ్చు. మినహాయింపు రాసే వీలు ఫైలులో లేదు, ఇక్కడ ఉంది. టేబుల్‌లో వరస మార్చితే మరుక్షణం అమల్లోకి వస్తుంది, ఇండెక్స్‌ను ముట్టుకోనక్కర్లేదు. నియమాలు వందలకొద్దీ పెరిగితే నెమ్మదిస్తుంది, ఒక్కో నియమం సరిపోతుందో లేదో చూడాలి కాబట్టి. అప్పుడు సంబంధం లేనివాటిని ముందే వడగట్టాలి.

ఈ చీలిక మిగతా డేటాబేస్‌లలోనూ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ థెసారస్ ఫైలులో విస్తరణ (అన్ని మాటలనూ వెతకడం), మార్పిడి (ఒకదాని బదులు ఇంకోటి పెట్టడం) అని రెండు రకాల గుంపులు వేరుగా రాస్తారు. ఎస్‌క్యూలైట్‌లో వెతుకులాట చూసే ఎఫ్‌టీఎస్5 అనే భాగపు పత్రాలు మూడు దారులు చెబుతాయి: అన్నిటినీ ఒకే టోకెన్ చేయడం, క్వెరీలో అన్నిటినీ వెతకడం, ఇండెక్స్‌లో అన్నిటినీ చేర్చడం.

మళ్లీ పోస్ట్‌గ్రెస్‌కు వస్తే, రెండు మాటల పదబంధాలకు పర్యాయపదాల ఫైలు పనికిరాదు, పదబంధాలనూ గుర్తుపట్టే థెసారస్ నిఘంటువు కావాలి. ‘గుండె పోటు’ అని విడదీసి రాసినదాన్ని ‘గుండెపోటు’తో కలపాలంటే అదే గతి.

అరగంట పని అన్నాను కదా, దాని పర్యవసానం చెబుతాను. ఒకసారి ఫైలులో కొత్త పంక్తి చేర్చి, నా టెర్మినల్‌లో పరీక్షిస్తే చక్కగా పని చేసింది. అప్లికేషన్‌లో మాత్రం ఒకసారి దొరుకుతుంది, ఇంకోసారి దొరకదు. రెండు రోజులు కోడ్ తవ్వాను. తప్పు కోడ్‌లో లేదు. నిఘంటువు ఫైలును ఒక్కో సెషన్ (డేటాబేస్‌తో తెరిచిన ఒక్కో కనెక్షన్) తొలిసారి వాడినప్పుడే చదివి, మళ్లీ చదవదు. అప్లికేషన్ తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ పూల్‌లో పాత సెషన్లు పాత ఫైలుతోనే ఉన్నాయి, కొత్తవి కొత్త ఫైలుతో ఉన్నాయి. ఏ కనెక్షన్ చిక్కితే ఆ జవాబు. నిఘంటువు మీద ఆల్టర్ ఆదేశం ఒకటి నడిపితే, ఏమీ మార్చకపోయినా సరే, పాత సెషన్లు కూడా ఫైలును మళ్లీ చదువుతాయి. అది చేశాక కూడా పాత వ్యాసాలు దొరకలేదు! వాటి ఇండెక్స్ పాత ఫైలుతో కట్టినది మరి. వ్యాసాల్లోని మాటల రూపాలు దాచే టీఎస్‌వెక్టర్ కాలమ్ మొత్తం తిరిగి నింపాల్సి వచ్చింది.

ఇప్పుడు తెర మీద టీఎస్ డీబగ్ నడుపుతాను. ఏ టోకెన్‌ను ఏ నిఘంటువు పట్టుకుందో, ఏ రూపం ఇచ్చిందో అది వరసగా చూపిస్తుంది. ‘తార’తో మొదలుపెడతాను, తర్వాతి మాటలు మీరు అందించండి.