బొడ్డు దగ్గర ఆగని రక్తం
(శ్రీకాకుళం జిల్లా ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల శిక్షణలో ఒక పిల్లల డాక్టరు ప్రసంగం)

అందరికీ నమస్కారం. రక్తం గడ్డకట్టని జబ్బు అనగానే మీకు హిమోఫిలియా గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది రక్తపు గడ్డని గట్టిపరిచే ఫ్యాక్టర్ 13 అనే ప్రొటీన్ లోపం. 20 లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మరి మనకెందుకీ గోల అంటారా? తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమానంగా వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. మన ఊళ్లలో మేనమామకిచ్చి చేసిన ఇళ్లు ఎన్నో మీకు నేను చెప్పాలా!

కళింగపట్నం వైపు వలలు అల్లడం చూసే ఉంటారు. ముడి బిగించని వల చూడ్డానికి వలలాగే ఉంటుంది, చేప పడగానే విడిపోతుంది. గాయం దగ్గర రక్తంలో ఫైబ్రిన్ అనే ప్రొటీన్ దారాలు అల్లుకుంటే, వాటికి ముడి బిగించేది ఫ్యాక్టర్ 13. అది లేకపోతే రక్తం గడ్డ కడుతుంది గానీ ఆ గడ్డ నిలవదు. అందుకే ఆగిన రక్తం మర్నాడు మళ్లీ మొదలవుతుంది.

దీన్ని అందరికన్నా ముందు చూడగలిగేది మీరే. లోపం తీవ్రంగా ఉన్నవాళ్లలో దాదాపు 80 శాతం మందికి పసికందుగా ఉన్నప్పుడే బొడ్డు నుంచి రక్తం కారుతుంది. 3, 7, 14 రోజులకు మీరు ఇంటికి వెళ్తారు కదా, బొడ్డు విప్పి చూడండి. చుక్క అంటితే భయం లేదు. గుడ్డలు మార్చాల్సి వస్తున్నా, ఆగి మళ్లీ కారుతున్నా పసుపు అద్ది ఊరుకోనివ్వకండి.

నేనూ ఒకసారి పొరబడ్డాను. ఒక పాపకి ప్లేట్‌లెట్లు, పీటీ, ఏపీటీటీ అన్నీ నార్మల్. ఇంటికి పంపేశాను. నెల తిరక్కుండా ఫిట్స్‌తో తెచ్చారు, తలలో రక్తస్రావం. పీటీ, ఏపీటీటీ పరీక్షలు గడ్డ ఎంతసేపట్లో కడుతుందో చెబుతాయి, ఎంత గట్టిగా ఉందో చెప్పవు. అంతకుముందు ఆ తల్లికి ఒక బిడ్డ బొడ్డు కారే పోయిందట. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

అనుమానముంటే గడ్డని యూరియా ద్రావణంలో వేసి చూస్తారు. మన వరిచేలో చల్లే యూరియాయే! లోపం తీవ్రంగా ఉంటే గడ్డ కరిగిపోతుంది. తక్కువ లోపం దీనికి దొరకదు, ఫ్యాక్టర్ ఎంతుందో విడిగా కొలవాలి.

పెద్దయిన ఆడవాళ్లలో మాటిమాటికీ గర్భం పోవడం కూడా దీని గుర్తే. పుండ్లు ఆలస్యంగా మానతాయి.

మందు ఉంది. ఈ ఫ్యాక్టర్ రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి సుమారు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తే చాలు. అనుమానమున్న బిడ్డకి కండకి ఇచ్చే టీకా వేసే ముందు డాక్టరుకి ఒక్క ఫోన్ చేయండి. ఇక అడగండమ్మా, ఏం డౌట్లున్నాయి?